ఇంట్లో చదివే పిల్ల నోరు విప్పాలంటే

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాం. పుస్తకాలు గబగబా చదివేస్తుంది కానీ సొంతంగా నాలుగు మాటలు చెప్పమన్నా, రాయమన్నా బిగుసుకుపోతుంది. పదో తరగతి పరీక్ష ఎలాగని కూడా దిగులుగా ఉంది.
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: ముందు నోటిమాట, తర్వాతే రాత. రోజూ ఒక పేజీ మీరు చదివి వినిపించి, పుస్తకం మూసి, 'ఏం జరిగిందో చెప్పమ్మా' అనండి. మధ్యలో తప్పు దిద్దకండి, మాట అందించకండి. చాలా ఇళ్లలో చెడేది ఇక్కడే. పిల్ల ఆగితే మనసులో పది లెక్కపెట్టేదాకా ఓపిక పట్టండి. 'బాగుందా?' అంటే 'ఊఁ' తప్ప రాదు. 'వాడు అట్లా ఎందుకు చేశాడంటావు?' అని అడగాలి.

చంద్రగిరి కోటలో రాజమహల్ చూపించి, ఇంటికొచ్చాక అది చూడని అవ్వకు వివరించమనండి. నిజంగా తెలియనివాళ్లు అడిగితే పిల్లలకు పరీక్ష పెడుతున్నట్టుండదు. పాప చెప్పింది చెప్పినట్టే, 'యాడుండాది' అంటే అలాగే, మీరు రాసి ఆమె చేతే చదివించండి. కొన్ని వారాలయ్యాక చివరి రెండు వాక్యాలు తననే రాయమనండి. అక్షరదోషాలు మర్నాడు చూపండి, అదీ ఒకటో రెండో.

పరీక్షకు ఇంకా వ్యవధి ఉంది. బడికి వెళ్లనివాళ్లూ పరీక్ష రాయగల జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. ఐదు సబ్జెక్టులు, వాటిలో కనీసం ఒక భాష. తెలుగు మాధ్యమమూ ఉంది. జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయేమో మాత్రం ఇప్పుడే చూసుకుని, తేడా ఉంటే సరిచేయించండి.