సొంత ఇల్లు కట్టుకోవడం దునియా మోజేనా?

ప్రశ్న: మాది బట్టల వ్యాపారం. ఇరవై ఏళ్ల కష్టార్జితంతో ఈ మధ్యే సొంత ఇల్లు కట్టుకున్నాం. కొత్తింట్లోకి దిగిన రోజునే మా బావగారు "దునియా (ఇహలోకం) మోజులో పడి ఆఖిరత్‌ను (పరలోకాన్ని) మరిచిపోయావు" అన్నారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంటోంది. ఆస్తి సంపాదించడం ఇస్లాంలో తప్పా?

– ఒక పాఠకుడు

జవాబు: హలాల్ (ధర్మసమ్మత) మార్గంలో సంపాదించిన ఆస్తి ఎంత మాత్రమూ తప్పు కాదు. దైవప్రవక్త (స) సతీమణి హజ్రత్ ఖదీజా (రజి) పేరున్న వ్యాపారి. ప్రవక్త సహచరుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) సంపన్నుడు కనుకనే మదీనాలోని రూమా బావిని కొని ప్రజలందరికీ వదిలివేయగలిగారు.

తప్పు ఎక్కడ మొదలవుతుందో దివ్య ఖుర్ఆన్ 28వ సూరా (అధ్యాయం)లోని ఖారూన్ అనే ధనవంతుడి వృత్తాంతంలో కనబడుతుంది. అతని ఖజానాల తాళపుచెవులను మోయడం బలవంతులైన మనుషుల బృందానికే భారమయ్యేది. అతని జాతివారు "అల్లాహ్ నీకిచ్చిన దానితో పరలోక గృహాన్ని కోరుకో, ఇహలోకంలోని నీ వాటాను కూడా మరువకు" అని హితవు చెప్పినప్పుడు, తన జ్ఞానం వల్లనే ఇదంతా తనకు దక్కిందని అతడు బదులిచ్చాడు. అతని పతనానికి మూలం ఆ తాళపుచెవులలో కన్నా ఈ జవాబులోనే ఉందని నేను భావిస్తాను. సంపదపై మనల్ని ప్రతినిధులుగా మాత్రమే నియమించినట్లు 57వ సూరా 7వ ఆయతు (వాక్యం) చెబుతోంది. అంటే మీ దుకాణమూ ఇల్లూ మీ చేతిలో ఉన్న అమానత్, అంటే అల్లాహ్ మీకు అప్పగించిన సొత్తు. మనిషిని పుట్టించింది అల్లాహ్ ఆరాధన కోసమే అయినప్పుడు, ఆ అమానత్‌ను వాడే తీరు కూడా ఆరాధనలో భాగమే అవుతుంది.

ఒకసారి దైవప్రవక్త (స) ఇంట మేకను కోసి మాంసం పంచిపెట్టారు. ఏం మిగిలిందని ఆయన అడిగితే, జబ్బ ఒక్కటే మిగిలిందని ఆయన సతీమణి హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. "జబ్బ తప్ప మిగతాదంతా మిగిలింది" అన్నారాయన. ఈ హదీసును (ప్రవక్త ప్రవచనాన్ని) తిర్మిజీ గ్రంథం నమోదు చేసింది. ఇంట్లో ఉన్న ముక్కను ఖర్చు కిందా, ఇరుగుపొరుగుకు వెళ్లినదాన్ని నిల్వ కిందా లెక్కగట్టిన ఈ మాటను వ్యాపారం తెలిసిన మీరు నాకన్నా బాగా గ్రహించగలరు.

ఇక జకాత్ (సంపద నుంచి తీయాల్సిన విధి దానం) సంగతి మీరు అడగలేదు గానీ, మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది. మీరు నివసించే ఇంటిపై జకాత్ లేదు; దుకాణంలోని బీరువాలు, కుర్చీలపైనా లేదు. అమ్మకానికి ఉంచిన సరుకుపైనా, నగదుపైనా, బంగారం, వెండిపైనా ఉంది. హనఫీ మస్లక్ (ఇస్లామీయ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) ప్రకారం చెల్లించాల్సిన బాకీలు పోగా వీటి మొత్తం సుమారు 612 గ్రాముల వెండి విలువకు చేరి, చాంద్రమాన సంవత్సరం గడిస్తే, నూటికి రెండున్నర చొప్పున తీయాలి. సరుకును ఆ రోజు మార్కెట్ ధరకే లెక్కించాలి. ఇంటి అప్పు ఏమైనా మిగిలి ఉంటే, అందులో ఎంత మినహాయించాలో మీ మసీదు ఇమాం గారిని అడగండి. ఆ లెక్క చూసే రోజున బావగారిని కూడా కొత్తింటికి భోజనానికి పిలవండి.