మరో కుక్క కనిపిస్తే మీద పడుతోంది

ప్రశ్న: మా ల్యాబ్రడార్‌కు మూడేళ్లు, మగది. ఇంట్లో చాలా నెమ్మది. ఆర్కే బీచ్‌కి వాకింగ్‌కు తీసుకెళ్తే మాత్రం మరో కుక్క కనబడగానే అరుస్తూ మీదికి ఉరుకుతోంది. చోక్ చైన్ వేసి లాగితే ఇంకా రెచ్చిపోతోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ చైన్ తీసేయండి. మరో కుక్క కనిపించినప్పుడల్లా మెడ బిగిస్తే, ఆ నొప్పికి కారణం ఎదుటి కుక్కేనని దానికి ముద్ర పడిపోతుంది. ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్ (మెడకు కాకుండా ఒంటికి తొడిగే పట్టీ), రెండు మీటర్ల తాడు చాలు. ఈ గుణం ఈమధ్యే హఠాత్తుగా మొదలైతే, చెవిపోటో తుంటి నొప్పో ఉందేమో డాక్టరుకు చూపించండి. నొప్పితో ఉన్న కుక్కకు శిక్షణ ఎక్కదు.

కొన్ని వారాలు బీచ్ రోడ్డు వైపే వెళ్లొద్దు. పొద్దున్నే అక్కడ ఎటు చూసినా కుక్కలే, తప్పుకునే దారుండదు. మీ సెక్టార్‌లోనే వెడల్పాటి వీధి చూసుకోండి. ఉప్పూకారం, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించిన చికెన్‌ని బఠాణీ గింజంత ముక్కలు చేసి సంచిలో వేసుకోండి. దూరాన కుక్క కనిపించి, మీది దాన్ని చూసిన తర్వాతే ఒక ముక్క పెట్టాలి. అది కనిపించినంతసేపూ ఒక్కొక్కటిగా పెడుతూనే ఉండి, కనుమరుగవగానే ఆపేయాలి. చాలామంది ముందే చికెన్ చూపించి దృష్టి మళ్లిస్తారు. అప్పుడు చికెన్ సంచి కనిపిస్తే చాలు, కుక్క వస్తోందని దానికి అనుమానం మొదలవుతుంది.

ఎంత దూరం? మీది ముక్క తినగలిగినంత. నోరు మూసి, ఒళ్లు బిగించి, రెప్ప వేయకుండా చూస్తోందంటే దగ్గరైపోయారు. అరవకముందే వెనక్కి తిప్పండి. రోజుకు పది, పదిహేను నిమిషాలు చాలు. ఎదుటి కుక్కను చూసి తనంతట తనే మీ వైపు తిరుగుతుంటే, ఓ రెండడుగులు దగ్గరికి జరగండి.

ఆ తర్వాత తెలిసినవాళ్ల నెమ్మదైన కుక్కతో, నడుమ పదిహేను మీటర్లు వదిలి, ఒకే దిక్కుగా నడిపించండి. కుక్కలు బయటివైపు, మనుషులు లోపలివైపు. ఎదురెదురుగా తెచ్చి ‘ఫ్రెండ్స్ చేయడం’ వద్దు. తాళ్లు బిగిసి ముఖాముఖి నిలబడితే కుక్కలకు అది కయ్యానికి పిలుపే. వీధి కుక్క దూసుకొస్తే గుప్పెడు బిస్కెట్ ముక్కలు దాని ముందు నేలమీద చల్లి, పక్కకు తప్పుకోండి.

ప్రశ్న: ఇంట్లో రెండు కుక్కలూ తిండి దగ్గరే కొట్టుకుంటున్నాయి.
– ఓ పాఠకుడు, మధురవాడ

జవాబు: వేర్వేరు గదుల్లో, తలుపు వేసి పెట్టండి. తిన్నాక గిన్నెలు, ఎముకలు తీసేశాకే తలుపు తెరవండి. కొట్టుకుంటున్నప్పుడు మెడ పట్టుకుని లాగితే కాటు మీకే పడుతుంది. మధ్యలోకి అట్టముక్కో కుర్చీయో తోయండి, లేదా బకెట్ నీళ్లు గుమ్మరించండి. మీకు కాటు పడితే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఇంజెక్షన్‌కు వెళ్లండి.