ప్రవర్తనా విశ్లేషణలో అధ్యాపకవృత్తి: ఒక తండ్రికి జవాబు

పర్లాఖిమిడి నుంచి ఒక తండ్రి అడిగారు: బరంపురంలో సైకాలజీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న మా అమ్మాయి, ఆటిజం పిల్లలకు ఉపయోగపడే ఏబీఏ, అంటే అనువర్తిత ప్రవర్తనా విశ్లేషణలో పరిశోధన చేసి యూనివర్సిటీలో పాఠాలు చెబుతానంటోంది, అమెరికా సర్టిఫికెట్ కోసం అప్పు చేయమంటారా?

అయ్యా, ఆ అప్పు చేయకండి. అమెరికాలో ఈ ధ్రువపత్రాలిచ్చే బీఏసీబీ 2023 నుంచి మన దేశంలో ఉంటున్నవారి కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. మన దగ్గర అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి చూసేది సైకాలజీలో 55 శాతం మార్కులతో పీజీ, ఆపైన నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కూడా వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు అందుతాయి కాబట్టి పరిశోధన ఖర్చు మీ మీద పడదు. నెట్ సైకాలజీ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుందన్నది మాత్రం ఇప్పటినుంచే గుర్తుంచుకోవాలి.

అమ్మాయి అసలు శ్రద్ధ పెట్టవలసింది పరిశోధనా పద్ధతి మీద. ఒక బాబు తల బాదుకుంటున్నాడంటే ఎవరైనా తనవైపు చూడాలనా, చెప్పిన పని తప్పించుకోవడానికా, ఆ స్పర్శ కోసమేనా అన్నది ఊహించి ఊరుకోకుండా, ఒక్కొక్క పరిస్థితినీ విడిగా కల్పించి లెక్కించి తేల్చే విధానాన్ని అమెరికా పరిశోధకుడు బ్రయాన్ ఇవాటా బృందం 1982లో చూపింది. వందలమంది సగటు కన్నా ఒక్క బిడ్డలో, శిక్షణకు ముందూ తర్వాతా రోజురోజుకూ వచ్చే మార్పును గ్రాఫుగా గీసి చదవడమే ఈ శాస్త్రానికి ప్రాణం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, వీధిలో సవర వినే గజపతి జిల్లా బిడ్డకు ఏ భాషలో నేర్పితే మాట త్వరగా పలుకుతుందన్న ప్రశ్న ఒక్కటే మంచి పీహెచ్‌డీకి సరిపోతుంది. ఆ భాషల మధ్య పెరిగిన మీ అమ్మాయికి అది ఇతరులకన్నా సులువుగా అందుతుందని నా గట్టి నమ్మకం.

ఏబీఏ తమను మామూలువాళ్లలా కనిపించేలా చేయడానికే చూసిందని ఆటిజంతో పెరిగి పెద్దయినవారు చాలామంది బాధపడుతున్నారు. వారి మాటలు చదవకుండా ఆమె ఈ రంగంలో అడుగుపెట్టకూడదు.

పిల్లలకు స్వయంగా చికిత్స చేయాలంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉన్న కోర్సు విడిగా చేయాలి; సికింద్రాబాదులో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ప్రకటనలు చూస్తూ ఉండండి. పీజీ ఎక్కడ చేయాలో తేల్చుకునేముందు అక్కడి అధ్యాపకుల వ్యాసాలు వెతకమనండి. ప్రవర్తన మీద పనిచేసే గైడు ఉంటేనే అక్కడ చేర్చండి.