రెండు గుంతల మరుగుదొడ్డి కట్టించబోయే అమ్మాయికి

అమ్మాయీ,

కొత్తగా చేరిన పంచాయతీలో మరుగుదొడ్ల పని నీకే అప్పగించారని తెలిసి సంతోషించాను. నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

రెండు గుంతల పద్ధతినే పట్టుకో. 1970లో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ దేశమంతటా వ్యాప్తిలోకి తెచ్చింది దీన్నే. ఒక గుంత నిండగానే రెండోదానికి మళ్లించి మొదటిదాన్ని మూసేస్తే, రెండేళ్లకల్లా అందులోదంతా వాసన లేని ఎరువవుతుంది.

ఇంటివాళ్లతో పేచీ లోతు దగ్గరే వస్తుంది. "మీటరేనా? ఆరు నెలల్లో నిండిపోదూ!" అంటారు. నీరంతా నేలలోకి ఇంకిపోతుంది కనుక, అయిదారుగురున్న ఇంటికి మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత రెండు మూడేళ్లు వస్తుందని ఓపికగా చెప్పు. అడుగున కాంక్రీటు మాత్రం వేయనీయకు. గట్టిగా ఉంటుందని మేస్త్రీలు వేసేస్తారు. అప్పుడది నీరు ఇంకని తొట్టి అవుతుంది. నిండితే ఎత్తిపోయడానికి ఎవరిని పిలుస్తారో నీకు తెలుసు. మనిషి చేత ఆ పని చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా పిలుస్తూనే ఉన్నారు, తల్లీ. ఆ పిలుపు రాకుండా చేయడానికే మనం ఇదంతా కట్టిస్తున్నాం.

దొడ్డి నుంచి వచ్చే పైపు రెండు గుంతలకూ చీలే చిన్న తొట్టి, అదే చాంబర్, దాని దగ్గర నువ్వే నిలబడు. మూత తీయించి బకెట్టు నీళ్లు పోయించు. నీళ్లు ఒక్క పైపులోకే వెళ్లాలి, రెండో పైపు నోరు ఇటుక ముక్కతో, మట్టితో మూసి ఉండాలి. రెండూ తెరిచి ఉన్నా, ఒక గుంత నుంచి మరో గుంతకు పైపు వేసినా బిల్లు మీద సంతకం పెట్టకు. రెండూ ఒకేసారి నిండితే ఎరువయ్యే గడువు ఎక్కడిది?

స్నానాల నీళ్లు గుంతలోకి పంపొద్దు. నల్లరేగడి అయితే గుంత చుట్టూ ఇసుక పోయించు. పైపు మార్చే విధానం ఇంట్లో ఆడవాళ్లకూ చేసి చూపించు.

2017లో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఎరువు తీశారు. మీ ఊళ్లో మొదటి గుంత తెరిచే రోజున ఆ పార నువ్వు పట్టుకో. పక్కన సర్పంచ్‌గారిని నిలబెట్టు.

గుంత మూసిన నెల, సంవత్సరం మూత మీదే రంగుతో రాయించు. నీకు బదిలీ అయినా తరువాత వచ్చేవాళ్లకు ఎప్పుడు తెరవాలో తెలుస్తుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న