చర్చికి మన కుర్రాళ్లే కాపలా ఉంటే లైసెన్సు కావాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా జనం వస్తారు. కిందటేడు ఒక సోదరి మెడలో గొలుసు తెంపుకుపోయారు. తాగొచ్చినవాళ్లు ప్రార్థన మధ్యలో గోల చేశారు. ఈసారి పన్నెండు మంది యూత్‌తో సెక్యూరిటీ టీం పెట్టి ఖాకీ చొక్కాలు, కర్రలు ఇద్దామని సంఘ పెద్దలు అంటున్నారు. లైసెన్సు కావాలా? దొంగను పట్టుకుంటే మా మీదే కేసు పడుతుందా?
– సంఘ కార్యదర్శి

జవాబు: లైసెన్సు అక్కర్లేదు. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కాపలాని వ్యాపారంగా నడిపేవాళ్ల కోసం. మీ మందిరానికి మీ పిల్లలే జీతం లేకుండా నిలబడితే దాని కిందికి రారు. రేపు పక్క ఊరి సభలకి డబ్బు తీసుకుని పంపితే మాత్రం లెక్క మారుతుంది.

ఖాకీ ఆలోచన మానేయండి. చూసినవాళ్లు పోలీసనుకోవాలని అలాంటి దుస్తులు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 205వ సెక్షన్ కింద నేరం. సంఘం పేరున్న మెరిసే జాకెట్లు చాలు. ఆయుధాల చట్టం మామూలు కర్రని ఆయుధంగా చూడదు కానీ, మన దగ్గర గుంపుల మీద, కర్రల మీద ఆంక్షలు పెట్టే సెక్షన్ 30, 144 (ఇప్పుడది 163) ఎప్పుడు పెడతారో తెలియదు. 2022 మేలో జిల్లా పేరు మీద అమలాపురంలో అల్లర్లు జరిగినప్పుడు చూశాం కదా. అయినా కర్ర చేతిలో ఉంటే లేవకుండా ఉంటుందా? ఇక తుపాకీ మాట. మీ పెద్దల్లో ఎవరికి లైసెన్సున్నా మందిరంలోకి తేకూడదు. 1988 నాటి ధార్మిక సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం ప్రకారం ఐదేళ్ల వరకు జైలు. రానిచ్చిన నిర్వాహకులకీ అదే శిక్ష.

ఇప్పుడు అసలు సంగతి. మామూలు మనిషి కూడా అరెస్టు చేయొచ్చు, కానీ బెయిలు హక్కుగా రాని, పోలీసు వారెంటు లేకుండా పట్టుకోగల నేరం తన కళ్లెదుట జరిగితేనే. గొలుసు తెంపడం అందులోకి వస్తుంది. ఆరాధనలో గోల చేయడం రాదు. అది న్యాయ సంహిత 300వ సెక్షన్ కింద నేరమే అయినా బెయిలబుల్. తాగినవాణ్ణి గేటు దాటించి 112కి ఫోన్ చేయండి, అంతే. ఐదు వేల లోపు సెల్‌ఫోన్ దొంగతనం కూడా ఈ అరెస్టు లెక్కలోకి రాదు.

పట్టుకున్నవాణ్ణి ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. కొబ్బరిచెట్టుకి కట్టేసి, పొద్దున్నే పెద్దమనుషుల్లో తేలుద్దామంటే అక్రమ నిర్బంధం మీ మీదికొస్తుంది. పెనుగులాటలో ఆత్మరక్షణకి అవసరమైనంత బలం వాడొచ్చు. వాడు లొంగాక పడే ప్రతి దెబ్బా కొత్త నేరం. ఐదుగురు, ఆపైన కలిసి కొడితే చెయ్యెత్తనివాడు కూడా న్యాయ సంహిత 190వ సెక్షన్ కింద ముద్దాయే. మీవాళ్లు పన్నెండు మంది, గుర్తుంచుకోండి.

వారం ముందే పేర్ల జాబితాతో ఎస్సై గారికి అర్జీ ఇచ్చి, బందోబస్తు అడిగి, రసీదు తీసుకోండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లని చేర్చొద్దు. సంఘం మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయించండి.

మీ టీంలో ఆడవాళ్ల ఊసు లేదు. సోదరీమణుల వైపు సంచి చూడాలంటే ఆడవాళ్లే చూడాలి. అదీ వాళ్లు ఒప్పుకుంటేనే. చూపించనంటే లాక్కోకండి, లోపలికి వద్దనండి.