జూన్‌లో ఫ్యోర్డ్‌లకి ఒక్క పూట సరిపోదండీ

జూన్‌లో అమ్మానాన్నలతో కోపెన్‌హాగన్, స్టాక్‌హోమ్, ఓస్లో, బెర్గెన్, మధ్యలో ఒక పూట నార్వే ఫ్యోర్డ్‌లు (కొండల మధ్య లోయల్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు), అన్నీ తొమ్మిది రోజుల్లో కుదురుతాయా అని అడిగారు. టికెట్ల లెక్కన కుదురుతాయి. కానీ నేనైతే స్టాక్‌హోమ్ తీసేసి ఆ రెండు రాత్రులూ ఫ్యోర్డ్ పక్కనే ఉంటాను.

మేం కోపెన్‌హాగన్‌లో ఉన్న రోజుల్లో మొదటిసారి మీలాగే బెర్గెన్ నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేలా పెట్టుకున్నాం. రైలు, బస్సు, పడవ, మళ్లీ రెండు రైళ్లు. ఆ రోజు మబ్బు నీళ్ల దాకా దిగిపోయింది, కొండలు మోకాళ్ల వరకే కనిపించాయి. బెర్గెన్ వైపు ఏడాదిలో 200 రోజులకు పైగా వాన పడుతుంది, ఒక్క పూట నమ్ముకుంటే కష్టం.

మరుసటి ఏడు తెనాలి నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు ఓస్లో నుంచి బెర్గెన్ రైలెక్కాం. దారిలో ఫిన్సే స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తులో ఉంటుంది, జూన్‌లో కూడా చుట్టూ మంచే, అక్కడే పులిహోర డబ్బా తీశాం. మిర్డాల్‌లో దిగి, ఫ్యోర్డ్ ఒడ్డున ఉన్న ఫ్లోమ్ అనే ఊరికి వెళ్లే లైను పట్టుకోవాలి. 867 మీటర్ల నుంచి దాదాపు సముద్రమట్టానికి 20 కిలోమీటర్లలో దిగిపోతుంది, గంట ప్రయాణం, మధ్యలో జలపాతం దగ్గర ఐదు నిమిషాలు ఆపుతారు. నాన్న రైల్వేలో చేసి రిటైరైన మనిషి, ఆ దారిలో 20 సొరంగాలుంటే వాటిలో 18 చేత్తో తవ్వినవని తెలిశాక సీట్లో కూర్చోలేదు, కిటికీ దగ్గరే నిలబడి లెక్కపెట్టుకున్నారు.

మర్నాడంతా వాన, గది దాటలేదు. ఆ తర్వాతి రోజు ఎండ వచ్చింది. ఫ్లోమ్ నుంచి గుడ్వాంగెన్‌కి పడవ రెండు గంటలు, బ్యాటరీతో నడిచేది కాబట్టి మోత లేదు, పైనుంచి జారే నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆ దారిలో వచ్చే నెరోయ్ ఫ్యోర్డ్ ఒకచోట 250 మీటర్ల వెడల్పే. "పాపికొండల్లో గోదావరిలా ఉందిరా" అంది అమ్మ. ఇది నది కాదమ్మా, హిమానీనదాలు తొలిచిన లోయలోకి వచ్చిన సముద్రం అని చెప్తే నమ్మలేదు. తర్వాత చాలాసేపు మాట్లాడకుండా రెయిలింగ్ పట్టుకుని నిలబడింది, నాకు ఆ ప్రయాణంలో బాగా గుర్తున్నది అదే.

మీ ప్లాన్ ఇలా మార్చుకోండి: కోపెన్‌హాగన్ రెండు రాత్రులు, అక్కడి నుంచి ఓస్లోకి రాత్రి ఓడ (మధ్యాహ్నం ఎక్కితే పొద్దునకి దిగుతారు, పెద్దవాళ్లకి ఎయిర్‌పోర్ట్ టెన్షన్ ఉండదు), ఓస్లో ఒక రాత్రి, ఫ్లోమ్ రెండు, బెర్గెన్ రెండు. గుడ్వాంగెన్ నుంచి వోస్‌కి బస్సు, అక్కడి నుంచి బెర్గెన్‌కి రైలు. బెర్గెన్‌లో మీ నాన్నగారి మోకాళ్లకి ఇబ్బంది లేకుండా ఫ్లోయెన్ కొండ మీదకి కేబుల్‌తో లాగే రైలుంది. ఓస్లో నుంచి బెర్గెన్‌కి రాత్రి రైలు మాత్రం వద్దు, అసలు చూడాల్సిన దారే అది.

వంటగది ఉన్న గది తీసుకోండి, బయట తిండి ఖరీదు చాలా ఎక్కువ. ఇండియా నుంచి నెయ్యి, పాల స్వీట్లు తేకండి, పాల పదార్థాలు తీసుకురానివ్వరు. ఫ్లోమ్‌లో గదులు తక్కువ, దొరక్కపోతే పక్కనే ఆర్లాండ్‌లో చూడండి, బస్సులో పది పదిహేను నిమిషాలే.