నమ్మింది ఎవరు?

సందేహం: మనస్తత్వ ప్రధానమైన నాటకం రాశాను. ఇంటావిడకూ పనిమనిషికీ మధ్య నమ్మీ నమ్మని సంబంధమే కథ. ‘నమ్మిన పనిమనిషి’ అని పేరు పెడితే, అది తప్పు, ‘నమ్మకమైన’ అనాలి అంటున్నారు ఒక మిత్రుడు. ఏది ఒప్పు?

సమాధానం: ‘నమ్మిన’ తప్పు కాదు. ‘నమ్మిన బంటు’ అని అందరం అంటూనే ఉన్నాం. ‘చదివిన పిల్ల’, ‘చదివిన పుస్తకం’ రెండూ చెల్లినట్టే ఇక్కడా నమ్మింది పనిమనిషి కావచ్చు, ఆమెను ఇంటావిడ నమ్మి ఉండవచ్చు. మీ కథకు కావలసింది ఈ సందిగ్ధమే కదా!

ఈ మాట వచ్చాక తిక్కనగారి విరాటపర్వం దగ్గర ఆగకుండా ఉండలేను. అజ్ఞాతవాసంలో ద్రౌపది విరాటరాజు భార్య సుదేష్ణ దగ్గర సైరంధ్రిగా చేరుతుంది. సైరంధ్రి అంటే ‘పరవేశ్మస్థా స్వవశా శిల్పకారికా’ అంటుంది అమరకోశం. పరాయి ఇంట ఉంటుంది, పనితనం తెలిసినది, అయినా తన వశంలో తానుంటుంది. ఆ ‘స్వవశ’ను గమనించండి, దాసికి అది చెల్లదు. ఎంగిలి ముట్టననీ, కాళ్లు కడగననీ ద్రౌపది ముందే చెప్పుకోవడం అందుకే. ఇంత అందగత్తె ఇంట్లో ఉంటే రాజు మనసు ఏమవుతుందోనని సుదేష్ణకు టెన్షన్. భయపడుతూనే పెట్టుకుంటుంది. సైరంధ్రి కూడా తానెవరో చెప్పదు. చివరికి, ఆమె వద్దని వేడుకున్నా, మద్యం తెమ్మనే నెపంతో తన తోబుట్టువు కీచకుడి ఇంటికి పంపేది ఆ సుదేష్ణే. యజమానురాలికీ పరిచారికకూ నడుమ ఉండే గుబులును ఇంతకంటే లోతుగా చూపిన ఘట్టం నాకు తెలుగులో కనిపించలేదు.

‘నమ్ముకొను’ వేరు. ఇంటావిడ పనిమనిషిని నమ్ముతుంది, పనిమనిషి ఆ ఇంటిని నమ్ముకుంటుంది. రెండోదానిలో బతుకుతెరువు ఉంది. ‘విశ్వాసం’ వాడుకలో ఎక్కువగా కింది నుంచి పైకి చూపేదే అయింది, యజమానికి విశ్వాసం ఉందా అని ఎవరూ అడగరు.

ఇప్పటి రాతల్లో ‘ఆమెపై నమ్మకాన్ని కలిగి ఉంది’ అని కనిపిస్తోంది. ‘ఆమెను నమ్మింది’ అనడానికి ఏం అడ్డొచ్చింది? సంభాషణల్లో ఆ వాక్యం రానివ్వకండి.

మీ పేరు ఉంచుకోవచ్చు. అయితే కథ తెలియనివారు దాన్ని ‘నమ్మకమైన’ అనే అర్థంలోనే చదివే అవకాశం ఎక్కువ. అది ఫరవాలేదనుకుంటే నాకూ అభ్యంతరం లేదు.